జెండామేడను నిలబెట్టిన జగన్నాధం

జగన్నాధం కష్టపడి సాధించిన మొదటి విజయం, నాగావళి పాత వంతెనకు ఊడిపోయిన కమానును తిరిగి కట్టడం. తాపీ పట్టుకోలేదు, సున్నం కలపలేదు. పెన్సిల్‌తో కట్టాడు.

అది 1969. పొందూరు దగ్గర పల్లెటూరి బడిలో అయిదో తరగతి అందరికన్నా ముందు ప్యాసై, ఆ పైన చదివించే దిక్కులేక కొన్నేళ్లు పశువుల వెంట తిరిగి, చివరికి శ్రీకాకుళం వచ్చి ఈశ్వర్ గారి ఫోటో స్టూడియోలో ట్రేలు కడిగే పనికి కుదిరిన మూడో ఏడు. వంతెన ఫోటో నెగటివ్ మీద ఎవరి చేతినుంచో నీటిబొట్టు పడింది. పొర ఉబ్బి చిట్లిపోయింది. ప్రింటు తీస్తే మూడో కమాను ఉండాల్సిన చోట నల్లని గొయ్యి. ఈశ్వర్ గారు నెగటివ్‌ను చెత్తబుట్టలో పారేశారు. జగన్నాధం ఏరుకున్నాడు.

పదకొండు రోజులు కూర్చున్నాడు. పెన్సిల్ మొనను గరుకు కాయితం మీద సూదిలా రాసుకుని, నెగటివ్‌ను అద్దం బల్ల మీద పెట్టి, కింద నుంచి వెలుగు పడేలా చూసుకుని, ఒక్కొక్క రాయే గీశాడు. సాయంత్రానికి నచ్చకపోతే దూదితో తుడిచేశాడు. అలా పదిసార్లు. పన్నెండో రోజు తీసిన ప్రింటును ఈశ్వర్ గారు వీధిలోకి పట్టుకెళ్లి, ఎండలో అటూ ఇటూ తిప్పి, కమానులు మూడుసార్లు లెక్కపెట్టి, ఏది అసలుదో ఏది జగన్నాధం కట్టిందో పోల్చుకోలేక లోపలికొచ్చి, "ఒరే, రేపట్నుంచి ట్రేలు కడగమాకు" అన్నారు.

ఆ ఫోటో స్టూడియో ముందు అద్దంలో ఆరేళ్లు ఉంది. అదే వంతెన మీద నడిచొచ్చినవాళ్లు కూడా అద్దం ముందు ఆగి, వంతెనను అప్పుడే కొత్తగా చూస్తున్నట్టు చూసేవారు. ఎవరు తీశారని అడిగితే ఈశ్వర్ గారు తన పేరు చెప్పేవారు. అందులో అబద్ధం లేదు, తీసింది ఆయనే. కమాను ఎవరు కట్టారని మాత్రం ఎవరూ అడగలేదు. అది కూలిందని తెలిస్తే కదా అడగడానికి! ఫోటోలు దిద్దే టచింగ్ పనివాడి రాత అంతే. చెడగొడితే పేరు ఊరంతా తెలుస్తుంది, బాగుచేస్తే ఎవరికీ తెలియదు. ఫోటో వెనక స్టూడియో ముద్ర పడుతుంది గానీ పెన్సిల్ పట్టినవాడి పేరు పడదు. ఈ సంగతి జగన్నాధానికి పంతొమ్మిదో ఏట తెలిసింది. అరవయ్యారో ఏడు వచ్చేదాకా పంటికింద రాయిలా అలాగే ఉంది.

ఈ మధ్యలో చేసినవి చిన్న పనులేం కావు. పీటల మీద కళ్లు మూసుకున్న పెళ్లికొడుకులకు కనీసం మూడు వందల మందికి కళ్లు తెరిపించాడు. ఒక భుజం పైకీ ఒక భుజం కిందకీ ఉన్నవాళ్లకు సమం చేశాడు. మశూచి మచ్చలు పోగొట్టాడు. సాలూరులో ఒక లారీల యజమాని, కాలం చేసిన తన తండ్రికి ఒక్క ఫోటో కూడా లేదని కంటతడి పెడితే, ఆ తండ్రి తమ్ముడి నుదురూ మేనత్త ముక్కూ తీసుకుని తండ్రిని తయారుచేసి ఇచ్చాడు. ఆ ఇంట్లో ఈనాటికీ దండ దానికే. యాభై ఎనిమిదో ఏట, తోటివాళ్లంతా కంప్యూటర్‌ని చూసి బ్రష్షులు అటకెక్కించేసిన రోజుల్లో, ఎనిమిది నెలలపాటు బస్సెక్కి విజయనగరం వెళ్లి ఫోటోషాప్ నేర్చుకున్నాడు. తరగతిలో ఇరవై ముగ్గురు. ఇరవై ఇద్దరికి మీసాలు అప్పుడప్పుడే వస్తున్నాయి. పరీక్షలో మొదటివాడు జగన్నాధం. అయిదో తరగతిలో మొదటివాడు యాభై ఎనిమిదిలో రెండోవాడెందుకు అవుతాడు?

2014లో యుగంధర్ అనే బ్యాంకు ఉద్యోగి, తనలాంటి ఏడెనిమిది మందిని వెంటేసుకుని జగన్నాధం దగ్గరికి వచ్చాడు. వీళ్లు సెలవు దొరికితే చాలు, కెమెరాలు మెడలో వేసుకుని నీటి ఒడ్డున ఉన్న కట్టడాలన్నీ తిరుగుతారు. లైట్‌హౌసులు, రేవు మెట్లు, నది ఒడ్డు గుళ్లు, పాత గోదాములు. తీసిన ఫోటోల్లో తప్పులు చెప్పి, దిద్ది పెట్టాలి. అదీ వాళ్ల కోరిక. జగన్నాధం ఒప్పుకున్నాడు. తిట్టడానికి మనుషులు తమంతట తామే నడిచొస్తే ఎవరు వద్దంటారు?

ఆదివారం పొద్దున్న పదింటికి దర్బారు మొదలయ్యేది. స్టూడియో వెనక గదిలో కంప్యూటర్ ముందు జగన్నాధం, వెనక ప్లాస్టిక్ కుర్చీల్లో వాళ్లు. పెన్‌డ్రైవ్ ఎవరిదైనా మొదటి మాట ఒకటే.

"ఏటీ దరిద్రం?"

"కళింగపట్నం లైట్‌హౌస్ మాస్టారూ. సాయంత్రం తీశాను," అన్నాడు యుగంధర్ ఒక ఆదివారం.

"సాయంత్రమని నాకెలాగ తెలుస్తాది?"

"సూర్యుడు సముద్రంలోకి దిగిపోతన్నాడు కదా."

"మన సముద్రం ఎటుపక్కుంది బాబూ?"

"తూర్పు..." అని యుగంధర్ ఆగిపోయాడు. వెనక కుర్చీల్లో కిసుక్కుమన్నారు.

"మీ బేంకులో సూర్యుడు తూరుపున కుంకుతాడేటి? గోవాలోనో ఎక్కడో తీసిన సూర్యుణ్ణి అట్టుకొచ్చి ఇక్కడ అంటించీసినావు. ఆ లైట్‌హౌసు కింద బెస్తోడెవడైనా సూసినాడంటే, పెళయం వచ్చీసిందని పిల్లల్ని సంకనేసుకుని పరిగెడతాడు. తీసీ దీన్ని, ముందు తీసీ!"

ఇంకొకరు భీమిలి ఒడ్డున పాత పెంకుటిళ్లు తీసుకొస్తే, "సముద్రంలో నీలిమందు డబ్బా ఒంపీసినావా?" అనేవాడు. గుడి ఫోటోలో కలశం తెగిపోతే, "బుర్ర తీసేసిన దేవుడికి దండమెవుడు పెడతాడు?" అనేవాడు. నీటి గీత వాలిందేమో చూడటానికి స్టీలు స్కేలు తీసి కంప్యూటర్ తెర మీద ఆనించేవాడు. అర డిగ్రీ తేడా ఉన్నా, "నీ బంగాళాఖాతం ఒలికిపోతంది, బాల్చీ పట్టు" అనేవాడు. విహారయాత్రల వాళ్లంటే అతనికి చిన్నచూపు. వెళ్లగానే టీ తాగుతారు, ఆ తర్వాత తమ మొహాలు తీసుకుంటారు, ఎండ నడినెత్తికెక్కాక, నీడ అన్నది చచ్చాక, అప్పుడు గుర్తొచ్చి మేడ వంక చూస్తారు. వాళ్ల వెయ్యి ఫోటోలు గాలిస్తే ఒకటి దొరుకుతుంది. ఆ ఒకటి కూడా జగన్నాధం చెయ్యి పడితేనే మనుషుల్లో పెట్టడానికి పనికొస్తుంది.

తిట్లు తిన్నా వాళ్లు మానలేదు. రెండేళ్లలో ముగ్గురికి విశాఖపట్నం పోటీల్లో బహుమతులొచ్చాయి. ఆ మూడు ఫోటోలూ జగన్నాధం దిద్దినవే.

2016 నవంబరులో ఒక ఆదివారం యుగంధర్ ఒక కాయితం తెచ్చి అతని ముందు పెట్టాడు. జనవరి నెలాఖరున విజయనగరంలో నలభై ఫోటోలతో ప్రదర్శన. ఫిబ్రవరిలో అవే నలభైతో పుస్తకం. మొదటి పేజీలో ఏం రాయాలో ఆ కాయితం మీద ఉంది. ఫోటోలు తీసినవాళ్ల పేర్లు కింద చిన్నగా. పైన, అందరికన్నా పెద్దగా, 'ఎంపిక, దిద్దుబాటు: జగన్నాధం'.

జగన్నాధం ఆ కాయితాన్ని వెలుతురులో పట్టుకుని చదివాడు. "అచ్చరాలు ఇంకాస్త లావుంటే బాగున్ను," అని మాత్రం అన్నాడు. మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి వెళ్లి భార్య లక్ష్మణమ్మకు చూపించాడు.

ఆమె కళ్లజోడు పెట్టుకుని చదివింది. "నీ పేరు ఇన్నాళ్లూ రేషన్ కార్డులోనే సూసినాను. అందులోనూ తప్పే రాసినారు," అంది. ఆ తర్వాత కాయితాన్ని తీసుకెళ్లి దేవుడి పటం వెనక పెట్టింది. నలభై ఏడేళ్లుగా నములుతున్న రాయి ఆ రాత్రి అతని నోట్లో లేదు.

ఇక తప్పు ఎక్కడ జరిగిందో చెప్పాలి.

ఆ బృందంలో దుర్గాభవాని అని, జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పే ఆవిడ ఉంది. తక్కువ మాట్లాడుతుంది, తక్కువ తీస్తుంది. అందువల్ల జగన్నాధం తిట్లు ఆమెకు కాస్త తక్కువగా పడేవి. డిసెంబరులో ఆమె మొగపేట వెళ్లింది. ఏరు సముద్రంలో కలిసే మొగ పక్కనున్న బెస్తపల్లె అది. అక్కడ ఓడలొచ్చే కాలంలో కట్టిన మూడంతస్తుల ఇటుక మేడ ఒకటి ఉంది. పూర్వం దాని మీద జెండా ఎగరేసి ఓడలకు గుర్తు చూపించేవారట. అందుకని దాన్ని జెండామేడ అంటారు. దుర్గాభవాని పడవెక్కి సముద్రంలోకి వెళ్లి, నీటి మీద నుంచి మేడను తీసింది. ముందు రాళ్ల మీద తెల్లగా విరుగుతున్న నురుగు, వెనక లేత ఎండలో ఎర్రటి మేడ. చూడగానే జగన్నాధం తిట్టలేదు. కుర్చీలు ఆశ్చర్యపోయాయి.

కానీ మేడ ఎడమకు ఒరిగి ఉంది.

"పడవలో కూకొని తీసినావు, సెయ్యి వణికిపోయింది," అన్నాడు.

"చెయ్యి వణికితే సముద్రం కూడా ఒరగాలి కదా మాస్టారూ. నీటి గీత చూడండి, సరిగ్గానే ఉంది."

జగన్నాధం స్కేలు ఆనించాడు. నీటి గీత వెంట్రుకవాసి కూడా తేడా లేదు. అయినా తగ్గలేదు. "అయితే లెన్సు తప్పు. గొప్పోళ్ల మేడ ఇది, ఇంగిలీసోళ్లు దారానికి గుండు కట్టి సూసి కట్టినారు. వందేళ్లు నిలబడ్డ మేడ, నువ్వు ఫోటో తీసినరోజే ఒరిగిపోతాదా అమ్మా?"

"ఊళ్లో దగ్గర్నుంచి చూసినప్పుడు నాకూ కొంచెం వాలినట్టే అనిపించింది."

"అనిపించడాలు లెక్కల మాస్టర్లకు కూడదు," అన్నాడు. అందరూ నవ్వారు.

ఆ సాయంత్రం గంటన్నర కూర్చుని మేడను మాత్రం కత్తిరించి, నిలబెట్టి, అది వదిలిన ఖాళీలో ఆకాశం నింపాడు. స్టూడియోలో పెరిగిన చెయ్యి. పీటల మీద కూర్చున్న పెళ్లికొడుకు భుజం వాలితే లేపడం ఆ చేతికి ఊపిరి పీల్చినంత సులువు. మేడకు కూడా భుజం లేపేశాడు. ఎక్కడా అతుకు తెలియలేదు. పుస్తకం అట్ట మీదికి ఇదేనని తానే తీర్పు చెప్పాడు.

2017 జనవరి 28, శనివారం. విజయనగరంలో ఒక కాలేజీ హాల్లో ప్రదర్శన తెరిచారు. జగన్నాధం పొందూరు ఖద్దరు పంచె, చొక్కా వేసుకుని, గుమ్మం పక్కనే కుర్చీ వేయించుకున్నాడు. ఎదురుగా గోడ మీద, తలుపంత సైజులో, జెండామేడ. నిటారుగా. పెద్దమనుషులు వచ్చి చూసి తల ఊపుతుంటే, అతను ఏమీ ఎరగనట్టు చుట్ట వంక చూసుకుంటున్నాడు.

పదకొండు దాటాక దుర్గాభవాని ఇద్దరిని తీసుకొచ్చింది. ఆమెను సముద్రంలోకి తీసుకెళ్లిన పడవ మనిషి ఎల్లాజీ ఒకడు. విజయనగరం బజారులో ఎండుచేపలు అమ్మే అతని అక్క దేముడమ్మ ఇంకొకరు. వాళ్లూరి మేడ కదా, చూస్తారని పిలిచింది. దేముడమ్మ బుట్ట బయట పెట్టి, చీర కొంగు సర్దుకుని లోపలికొచ్చింది. ఇద్దరూ పెద్ద ఫోటో ముందు నిలబడ్డారు. ఎల్లాజీ ముందుకెళ్లాడు, వెనక్కొచ్చాడు, తల పక్కకు వంచి చూశాడు.

"అక్కా, ఇది మన మేడేనా?"

"మనదే. కిటికీలో రావిమొక్క నేదేటి?"

"మరి ఈ బొమ్మ ఎక్కడ్నుంచి తీసినారు?"

"నీ పడవలోంచే కదా ఎల్లాజీ," అంది దుర్గాభవాని.

"నా పడవలోంచి కాదమ్మా. ఇలాటి సోటు సముద్రంలో నేదు."

గుమ్మం దగ్గర కుర్చీ కిర్రుమంది. జగన్నాధం లేచి వచ్చాడు. "ఏటి నేదు? కళ్ల ముందు అంత బొమ్మ ఏలాడతంటే నేదంటావేటి?"

ఎల్లాజీ అతని ఖద్దరు చూసి కాస్త తగ్గాడు. "కోప్పడకండి బాబూ. మేడ నిట్రాటలాగ నిలబడిందా, అంటే ముందు నల్లనీళ్లుండాల. ఇక్కడేమో తెల్ల నురుగున్నాది. నురుగు మీంచి సూస్తే మేడ ఒరిగే కనిపిస్తాది. రెండూ ఒక్కసోట కనపడవు."

"నీకు ఫోటోల గురించి తెలుసా?"

"తెలీదు బాబూ. మేడ గురించి తెలుసు."

అప్పటికి పదిమంది పోగయ్యారు. దేముడమ్మ నడుం మీద చెయ్యేసుకుని చెప్పసాగింది. ఆ మేడ సముద్రం మీదికి వంగి ఉంది. వాళ్ల తాత కాలం నుంచీ అంతే. మొగ ముందు నీళ్ల కింద రాళ్లున్నాయి. మధ్యలో పడవ పట్టేంత సందు ఒక్కటే లోతు. వేటనుంచి తిరిగొచ్చేవాళ్లకు ఆ సందు నీళ్ల మీద కనిపించదు. మేడే దారి చెప్పాలి. మేడ కుడికో ఎడమకో ఒరిగి కనిపిస్తే ముందు రాళ్లున్నట్టు. అది నిటారుగా కనిపించేదాకా పడవను పక్కకు జరుపుకుంటూ రావాలి. నిలబడిందంటే సందు ఎదురుగా ఉన్నట్టు. అప్పుడు తిన్నగా తోలెయ్యొచ్చు.

"ఒకే మేడ ఒకచోట ఒరిగీ ఒకచోట నిలబడీ ఎలాగ కనిపిస్తాదే?" అన్నాడు జగన్నాధం ఎగతాళిగా.

"గూనోడు ఎదురుగొస్తే గూని కనిపిస్తాదేటి? పక్కనుంచి సూస్తేనే కదా తెలుస్తాది," అంది దేముడమ్మ. "ఓలమ్మో, సదువుకున్నోరికి ఇది కూడా సెప్పాలా?"

జనం గొల్లుమన్నారు. జగన్నాధం ముఖం కందిపోయింది. "నలభై ఏడేళ్ల సెయ్యి ఇది. మీ ఇద్దరి మాటకీ..." అంటూ దుర్గాభవాని వంక తిరిగాడు. "నువ్వు సెప్పమ్మా. ఈ రాళ్లూ సందులూ నువ్వు సూసినావా?"

"సందు సంగతి నాకు తెలీదు మాస్టారూ. మేడ వాలుందని మాత్రం డిసెంబరులోనే చెప్పాను. యుగంధర్ గారు తూర్పున సూర్యుణ్ణి కుంకిస్తే ఆయన్ని ఏడాదిపాటు ఏడిపించారు మీరు."

ఎవరూ నవ్వలేదు. అది నవ్వినదానికన్నా గట్టిగా తగిలింది.

ఎల్లాజీ మాత్రం తన బాధ తనది అన్నట్టు మెల్లగా అన్నాడు. "మా పేట కుర్రోలు ఈ బొమ్మ సూస్తే, ఎల్లాజీ ఎక్కడికి తోలినాడ్రా పడవని నవ్వుతారు బాబూ. అమ్మగోరిని రాళ్ల దగ్గర ఎంత ఒడుపుగా ఆపినానో ఆ సముద్రానికే తెలుసు."

సాయంత్రం జనం పలచబడ్డాక యుగంధర్ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. "మాస్టారూ, ఇలాగే ఒగ్గేద్దాం. పదో తారీఖున పుస్తకం ప్రెస్సుకెళ్లాలి. మొగపేటోళ్లు తప్ప ఎవరికీ తెలీదు. చూసేవాళ్లకి నిలబడ్డ మేడే బాగుంది. మీ పేరుతో మొదటి పేజీ కంపోజ్ అయిపోయింది, చూస్తారా?"

ఫోనులో చూపించాడు. అక్షరాలు లావు చేయించాడు. జగన్నాధం చూశాడు. ఆశ పడని మనిషి ఎవరు? చూసి, ఫోను తిరిగిచ్చేశాడు. "నాను ఆ పడవోడి సంగతి తేల్చేస్తాను. సోమవారం ఎల్లి ఆడి కళ్ల ముందే మేడకి గుండు కట్టి సూపిస్తాను. నవ్వినోలందరూ ఆదివారం నా కాడికొచ్చి నవ్వుకుందురు గాని."

సోమవారం తెల్లారేసరికి మొగపేటలో ఉన్నాడు. వెంట దుర్గాభవాని, ఆమె తీసిన అసలు ఫోటో. మేడ కిందికి వెళ్లి గోడను తడిమాడు, ఇటుక లావు చూశాడు, దాన్ని కట్టినవాళ్లను నాలుగు తిట్లు తిట్టాడు. దారం తీసి గుండు కడుతుంటే ఎల్లాజీ, "కిందనుంచి కాదు బాబూ, నీళ్ల మీంచి సూడండి," అని పడవ ఎక్కించాడు.

రైతుబిడ్డ. అరవై ఆరేళ్లలో సముద్రం ఒడ్డున ఫోటోలు వేలల్లో దిద్దాడు గానీ, సముద్రం మీద అడుగు పెట్టింది అదే మొదలు. రెండో కెరటానికే పొద్దున్న తిన్న ఇడ్లీ సముద్రానికి ఇచ్చేశాడు. "ఇదేనేటి బాబూ మీ నీటి గీత?" అని ఎల్లాజీ నవ్వితే, "నోరుమూసుకుని తోలు" అన్నాడు, పడవ అంచు రెండు చేతులా పట్టుకుని.

రాళ్లకు ఎడంగా, దుర్గాభవాని ఫోటో తీసిన చోట ఎల్లాజీ ఇంజను తగ్గించాడు. ముందు తెల్లని నురుగు. వెనక మేడ, ఎడమకు ఒరిగి. ఆమె చేతిలోని అసలు ఫోటోకూ కళ్ల ముందున్న మేడకూ తేడా లేదు. జగన్నాధం తల పక్కకు వంచాడు, ఒక కన్ను మూశాడు, బొటనవేలు నిలబెట్టి కొలిచాడు. మేడ ఒరిగే ఉంది.

"ఇప్పుడు సూడండి," అని ఎల్లాజీ పడవను దక్షిణానికి జరపసాగాడు.

మేడ కదిలింది. నిద్రలో వాలిపోయిన మనిషిని ఎవరో మెల్లగా లేపి కూర్చోబెడుతున్నట్టు, వేలెడు వేలెడుగా లేచింది. ఇంకాస్త. ఇంకాస్త. తను గంటన్నరసేపు కంప్యూటర్ ముందు కూర్చుని చేసిన పని, ఎల్లాజీ చుక్కాని ఒక్కటి తిప్పి చేస్తున్నాడు. మేడ పూర్తిగా నిలబడిన క్షణాన జగన్నాధం కిందికి చూశాడు. నురుగు లేదు. అటొక గజం, ఇటొక గజం తెల్లగా ఉడుకుతోంది గానీ, పడవ ముందు మాత్రం నీళ్లు నల్లగా, నూనె పోసినట్టు ఉన్నాయి. ఎల్లాజీ ఇంజను పెంచి ఆ నలుపులోంచి తిన్నగా మొగలోకి తోలేశాడు.

జగన్నాధం ఒడ్డున దిగి, పంచె పిండుకుని, మేడ వంక చూసి, "కట్టినోడెవుడో గాని, ఆడికి గుండు కట్టడం రాదు," అన్నాడు.

"రాకపోబట్టే మా ఊరోళ్లు బతికున్నారు బాబూ," అన్నాడు ఎల్లాజీ.

జగన్నాధం ఇసకలో కూర్చుని, దుర్గాభవాని చేతిలోంచి ఫోటో తీసుకున్నాడు. "నువ్వు తీసింది తీసినట్టు అట్ట మీదికి ఎక్కించు. నా సెయ్యి దాని మీద పడకూడదు."

"మంచిది మాస్టారూ. మిగతావి?"

ఆ ప్రశ్న అతన్ని ముల్లులా పట్టుకుంది. జెండామేడ కాక నలభైలో ఇంకో ఇరవై ఆరు ఫోటోల్లో అతని చెయ్యి తగిలింది. ఎక్కడ మెట్లు విరిగి ఉంటే అతికాడో, ఎక్కడ గోడ వంకర ఉంటే సరిచేశాడో, ఎక్కడ కరెంటు తీగ అనుకుని పడవ తాడు చెరిపేశాడో! వాటిల్లో ఏ ఊరి దారి ఏ వంకరలో ఉందో ఎవరికి తెలుసు?

ఆ సాయంత్రమే యుగంధర్‌కు ఫోన్ చేశాడు. "పుస్తకం ఆపీ."

"మాస్టారూ, పదో తారీఖు..."

"పదో తారీఖు నేదు, గిదో తారీఖు నేదు. ఇరవై ఆరు కట్టడాలకీ ఎల్తాను. ఆ ఊరి మడిసిని పక్కన కూకోబెట్టి బొమ్మ సూపిస్తాను. ఆడు ఔనంటేనే అచ్చు. నాను తిరిగొచ్చేదాకా మొదటి పేజీలో నా పేరు ఎయ్యకు. తప్పుడు మేడకి పెద్దచ్చరాల పేరు ఎవుడిక్కావాల?"

"మీ పేరు కోసమే కదా మాస్టారూ ఇన్నాళ్లూ..."

"సెప్పింది సెయ్యి. నీ తూరుపు సూర్యుణ్ణి కూడా నాను మర్సిపోనేదు."

ఫిబ్రవరి 6న, సోమవారం, ఇరవై ఆరు ప్రింట్లు ఒక సంచిలో, రెండు జతల బట్టలు ఇంకొక సంచిలో పెట్టుకుని బయలుదేరాడు. లక్ష్మణమ్మ గుమ్మంలో నిలబడి, "కొడుకు పెళ్లికి మూడు రోజులు సెలవు పెట్టనోడు, గోడలు సూడ్డానికి మూడు వారాలు ఎల్తన్నాడు. శివరాత్రికి ఇంట్లో లేకపోతే ఆ ఉపాసం ఉగాది దాకా సాగుతాది, సూసుకో," అంది. అతను బస్సెక్కుతూ, "వస్తానే," అన్నాడు.

రోజూ సాయంత్రం యుగంధర్‌కు ఫోన్ వస్తోంది. భీమిలిలో అయిదు బాగున్నాయి, ఒకటి తప్పు. నాగావళి ఒడ్డున ఒక రేవులో అతను అతికిన మెట్టు, అక్కడి చాకళ్లు కావాలనే విరగ్గొట్టుకున్నదట, బట్టలు ఉతికే బండ పెట్టుకోవడానికి. "నా తప్పే. అయినా ఆ ఫోటో తీసినోడికి కూడా కళ్లు నేవు," అన్నాడట. బారువలో లైట్‌హౌసు కింద కూర్చున్న ముసలాయన ఒకడు ఫోటోకు ఏ వంకా పెట్టలేకపోయేసరికి, రాత్రి ఫోనులో జగన్నాధం గొంతు పాత గొంతులా ఉందట. దిద్దకుండా ఒగ్గేయాల్సినవి ఇప్పటికి ఏడు తేలాయి. ఇంకా తొమ్మిది ఊళ్లున్నాయి. మొదటి పేజీ కంపోజ్ అలాగే ఉంది, పైన పేరు చోటు ఖాళీ పెట్టి.

ఆఖరి ఊరు చూసుకుని అతను శ్రీకాకుళం చేరేది ఫిబ్రవరి 24, శుక్రవారం, శివరాత్రి నాడు.